చౌడక్క కుళాయి

ఆ వేసవిలో మా వీధిలో ఎవరింట్లో కుళాయి కింద గిన్నె పెట్టినా అందులోంచి కారేది మా తోటికోడలే. నీళ్ళు పేరుకు మాత్రమే. ఆవిడ చెయ్యి, ఆవిడ పొదుపు, ఆవిడ మంచితనం సన్నధారగా దిగి, గిన్నె నిండకముందే ఠక్కున ఆగిపోయేవి. ఇదంతా నేను కుళ్ళుతో చెబుతున్నానని మీకు అనిపిస్తే, సరిగ్గానే అనిపించింది. కుళ్ళే. దాచుకోవడానికి అదేమైనా నగా నట్రానా?

మా ఊరు తాడిగుట్ట. అనంతపురం వైపు ఎండిన ఊళ్ళకు కొదవలేదు గానీ, మాది వాటన్నింటికీ పెద్దక్క. వానలు మొహం చాటేసి ఏళ్ళు గడిచాయి. ఎక్కడినుంచో పైపులో వచ్చే నీళ్ళను మునిసిపాలిటీవాళ్ళు ఇంటింటికీ కొలిచి వదులుతారు. మా ఆయన నరహరి ఊరి చివరనున్న నీటి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. కొత్త నీళ్ళు ఎక్కడినుంచి తేవాలా అని తోటివాళ్ళందరూ తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఈయనకు ఇంకో ఆలోచన వచ్చింది. నీళ్ళు పోయేది కుళాయిలో కాదట, కుళాయి తిప్పే చేతిలోనట. సమానంగా మనుషులున్న రెండిళ్ళలో ఒకావిడకు రెండు బిందెలు చాలితే, పక్కావిడకు పది బిందెలు చాలవు. ఆ రెండు బిందెల చెయ్యి తెచ్చి కుళాయిలోనే పెట్టేస్తే?

పెట్టేశాడు. అది నా చెయ్యి కాదు. అదీ నా గొడవ.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద మా బావగారు, తోటికోడలు చౌడేశ్వరి. పైన మేమిద్దరం, మా పాప తన్మయి. మా అత్త కొండమ్మ ఎక్కడ కూర బాగుంటే అక్కడ తింటుంది. బావగారు బోర్లు వేసే లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు. వాళ్ళబ్బాయి హాస్టల్లో ఉంటాడు. కాబట్టి కింద చౌడక్క ఒక్కతే బ్లౌజులు కుట్టుకుంటూ ఉంటుంది. నేనలా కాదు, ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. నలుగురిలో నోరున్నదాన్ని.

ఒకనాటి సాయంత్రం మా ఆయన కేంద్రంనుంచి ఒక గాజు పట్టుకుని వచ్చాడు. గాజంటే నిజంగా గాజే, బూడిదరంగులో సన్నగా ఉంది. లోపలివైపు కంటికి ఆనని కొలతసామాను. తొడుక్కున్న చెయ్యి ఏ గిన్నె పట్టుకుంది, ఏ పనికి ఎన్ని నీళ్ళు పట్టింది, ఎక్కడ ఆపింది, మళ్ళీ ఎప్పుడు పట్టింది, అంతా ఆ గాజు నేర్చుకుంటుంది. నేర్చుకున్నది కుళాయికి చెబుతుంది.

"వదినా, చెయ్యి ఇట్ల ఇయ్యి" అని వంటింట్లోనే పీట వాల్చుకుని కూర్చుని, చౌడక్క ముంజేతికి ఆ గాజు తన చేత్తో తొడిగాడు. పక్కనే నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. నాకూ రెండు చేతులున్నాయి.

"నాకు తొడగరా?" అన్నాను నవ్వుతూనే.

"నీకెందుకే? నువ్వు కాఫీగ్లాసు కడిగేకి బకెట్టు పెడ్తావు" అన్నాడు.

అత్త నవ్వింది. పాప నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా ఖర్మకు తోటికోడలు నవ్వనైనా లేదు. "ఊరుకో నరహరీ, పాపం ఆమెకు కాలేజీ, ఇల్లు, రెండు పనులు" అని నన్ను వెనకేసుకొచ్చింది. నవ్వి ఉంటే బతికిపోయేదాన్ని.

ఎండలు ముదిరేసరికి మా వీధి మొత్తానికీ కొత్త కుళాయిలు బిగించారు. మా వంటింట్లోనూ ఒకటి. మొదటిరోజు బియ్యంగిన్నె దాని కింద పెట్టాను. బియ్యం మునిగేదాకా వచ్చి ఆగింది. కడిగి వంచి మళ్ళీ పెట్టాను. వచ్చింది, ఆగింది. మూడో కడుగుకు పెట్టాను. రాలేదు. తట్టాను, ఊదాను, చెయ్యి ఆడించాను. చుక్క రాలేదు.

"పెద్దకోడలు రెండు కడుగులే కడుగుతుందిమే" అంది అత్త వెనకనుంచి, తనే కనిపెట్టినట్టు.

"నేను మూడు కడుగుతానత్తా."

"అందుకే నీ చెయ్యి పెట్టలేదు వాడు."

వీధి ఆడవాళ్ళు దానికి చౌడక్క కుళాయి అని పేరు పెట్టారు. ఎదురింటి హనుమక్క అయితే కనపడిన ప్రతిసారీ "ఏం చెయ్యి తల్లీ మీ అక్కది! నెలనీళ్ళు సగం మిగిలిపాయ మాకు" అనేది. నేను "అవునవును" అనేదాన్ని. అని లోపలికొచ్చి, అవసరం లేకపోయినా మిరపకాయలు దంచేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, మా ఆయనకు పొరుగుదాకా కూడా పోవలసిన పని లేకపోయింది. మెట్లు దిగితే చాలు.

ఓ రోజు భోజనాల దగ్గర ఆయనే కదిపాడు. వీధి పరీక్ష బాగా వచ్చిందట. వేసవి అయిపోయేలోగా ఊరి కుళాయిలన్నింటికీ అదే చెయ్యి పెట్టి ముద్ర వేసేస్తారట. ముద్ర పడితే మార్చడానికి లేదు. ఎవరికివాళ్ళు విప్పి మార్చుకుంటే ఊరికి నీళ్ళెక్కడ చాలుతాయి?

"అంతలోపల ఇంకా తక్కువతో ఇల్లు నడిపే చెయ్యి దొరికితే?" అన్నాను.

"దొరికితే అదే పెడ్తాము. దొరకదులే."

"నాకు ఇవ్వండి గాజు."

తినేవాడు ఆగి నా మొహంలోకి చూశాడు. "నీకా?"

"ఏం, నాకు మణికట్టు లేదా?"

మర్నాడు రెండో గాజు తెచ్చాడు. తెచ్చి బల్లమీద పెట్టి స్నానానికి పోయాడు. చౌడక్కకైతే పీట వేసుకుని తొడిగిన మనిషి. నేనే సబ్బు రాసుకుని, ఎముక నొప్పి పుట్టేలా తోసి తొడుక్కున్నాను. మా వంటింటి కుళాయిని మళ్ళీ మామూలు కుళాయిగా మార్చి ఇచ్చాడు, నా చెయ్యి దానంతటది ఏం చేస్తుందో చూడాలని. ఆ క్షణంనుంచి నాకు లోకంలో ఒకటే పట్టు. ఊరి కుళాయిల్లో నా చెయ్యి పడాలి. నా మొగుడు నా చేతిని ఒకసారైనా మెచ్చుకోవాలి.

కాలేజీకి సెలవులిచ్చారు. నేను పొద్దున్నే కిందికి దిగి చౌడక్క వంటింట్లో తిష్ట వేసేదాన్ని. సాయం చేసే నెపం, చూసేది దొంగచూపు. ఆవిడకు తెలుసనుకుంటాను. తెలిసీ ఒక్కటి దాచలేదు.

గిన్నెలకు ముందు నీళ్ళు చూపించదు. పిండేసిన నిమ్మతొక్కతో, ఎండిన బీరపీచుతో జిడ్డంతా తుడిచేస్తుంది. తర్వాత చెంబెడు నీళ్ళతో కంచాలన్నీ తేరుకుంటాయి. ఆకుకూర ధార కింద పెట్టదు, బేసిన్లో ముంచి తీస్తుంది, ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు. బియ్యం మొదటి కడుగు కుండీలకు, రెండో కడుగులో చింతపండు నానేస్తుంది. వెడల్పు బేసిన్లో కూర్చుని చెంబుతో స్నానం చేస్తుంది. ఆ నీళ్ళతో ఇల్లు తుడుస్తుంది, తుడిచిన నీళ్ళు మరుగుదొడ్లోకి. బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు మర్నాటి బట్టలు నానేయడానికి ఉంచుతుంది. బిందెలో మిగిలిన నిన్నటి నీళ్ళను పాచినీళ్ళని మా అత్తతో సహా ఊరంతా పారబోస్తారు కదా, చౌడక్క పారబోయదు. "నీళ్ళకు పాచేంది పాపా? మూత పెట్టింటే అవే నీళ్ళు" అంటుంది. నన్ను కూడా పాపా అనే పిలుస్తుంది.

దాచుకుని ఉంటే ఎంత బాగుండేది! నోరారా తిట్టుకునేదాన్ని. ఆవిడేమో చెంబు ఎలా వంచాలో నా చెయ్యి పట్టుకుని మరీ చూపించేది. నిండుకుండ తొణకదంటారు. ఆ నిండుకుండను ఎత్తి నేలకేసి కొట్టాలనిపించేది నాకు.

అన్నీ చేశాను. నిమ్మతొక్కలు దాచాను, బేసిన్లో కాళ్ళు ముడుచుకుని స్నానం చేశాను, మా అత్తతో పోట్లాడి పాచినీళ్ళు ఆపించాను. అయినా గాజు లెక్క చూసినప్పుడల్లా మా ఆయన పెదవి విరిచేవాడు. "వదినకు ఇంకా దూరంలో ఉండావు" అనేవాడు. ఎక్కడుంది ఆ దూరం? ఆవిడ చేసేదంతా నేనూ చేస్తున్నానే!

ఒకరోజు మధ్యాహ్నం దొరికింది దొంగ. పొద్దుట్నుంచీ ఆవిడతోనే ఉన్నాను, మిషను తొక్కుతూ చెమటలు కక్కుతోంది, కానీ నీళ్ళు తాగడం చూడలేదు. అన్నం తిన్నాక సగం గ్లాసు పట్టుకుని ఒక్క గుటకలో తాగింది. అంతే. మళ్ళీ పొద్దుగూకేదాకా గ్లాసు ముట్టలేదు. పెరటివైపు వెళ్ళడమూ చూడలేదు.

"అక్కా, నీకు దప్పిక కాదా?"

"అలవాటు పాపా. నాకు చాలు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తాగేది తక్కువ కాబట్టి మరుగుదొడ్డికి పోయేది తక్కువ. పోయేది తక్కువ కాబట్టి అక్కడ పోసే నీళ్ళూ తక్కువ. ఇదన్నమాట రహస్యం! ఇంత చిన్న విషయం నాకు తట్టకపోవడమేమిటి, రసాయనశాస్త్రం చెప్పేదాన్ని?

మర్నాటినుంచి నేనూ మానేశాను. నాలుక అట్టలా అంగిట్లో అతుక్కునేది. సాయంత్రానికి తలనొప్పి. మూత్రం పోసేటప్పుడు మంట. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అని నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పుకుని మళ్ళీ వాత పెట్టుకున్నాను. గాజు లెక్క దిగుతూ వచ్చింది. మా ఆయన "ఊఁ, పర్వాలేదే!" అన్నాడు ఒకసారి. ఆ మాట కోసం ఇంకో వారం దప్పికతో ఉండగలననిపించింది.

చివరికి ఒకనాడు కేంద్రానికి రమ్మన్నాడు. మంచి చీర కట్టుకుని వెళ్ళాను. తెరమీద మా ఇద్దరి చేతుల లెక్కకు ఒక గీత మాత్రమే కనిపించింది. "ఇంకోటేదీ?" అన్నాను.

"రెండూ ఉండాయి. ఒకదానిమీద ఒకటి పడినాయి." ఆయన మొహంలో సంతోషం లేదు, అనుమానం ఉంది. "నిజం చెప్పు. నీ గాజు వదినకు తొడిగినావా?"

"ఏమన్నారూ?"

"యంత్రం ఇది వదిన చెయ్యే అంటాంది. చెంబు వంచేది, ఆపేది, మళ్ళీ పట్టేది, అంతా ఆమే. రెండో మనిషి ఉందంటే ఒప్పుకోదు."

నా చేతిమీద గాజు గీసుకుపోయిన మచ్చ చూపించాను. నమ్మాడు. నమ్మి "అయితే ఇంక ఏ గాజైనా ఒకటేలే, వదినదే ఉంచుదాం" అన్నాడు. అక్కడే కూర్చుని భోరుమన్నాను. ఓడిపోయినందుకు కాదు. ఓడిపోయి ఉంటే నా చెయ్యి నాకు ఉండేది. ఆవిడను మించాలని పోయి పోయి నేనే ఆవిడనయి కూర్చున్నాను. నా చెయ్యి ఏమైందో ఆ యంత్రానికి కూడా తెలియదు.

ఇంటికి వచ్చేసరికి చౌడక్క మిషను పక్కన నేలమీద ముడుచుకుని పడి ఉంది. నడుముకు ఒక పక్క చెయ్యి అదిమిపెట్టి పళ్ళు బిగబట్టింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాము. మందులకోసం మా ఆయన బయటికి వెళ్ళాడు. డాక్టరమ్మ స్కానింగ్ కాగితం చూస్తూ తల పట్టుకుంది.

"మూత్రపిండాల్లో రాళ్ళు. ఒక మూత్రపిండం వాచి ఉంది. రోజుకెన్ని నీళ్ళు తాగుతారమ్మా?"

చౌడక్క దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

"మీది ఏ వీధి?" అని అడిగింది డాక్టరమ్మ. నేను చెప్పగానే కళ్ళజోడు తీసింది. "ఏమైంది మీ వీధికి? ఈ మధ్య ఆడవాళ్ళందరూ మంట, నొప్పి అని వస్తున్నారు. నీళ్ళు రావడంలేదా మీకు?"

వస్తున్నాయి. చౌడక్కకు చాలినన్ని వస్తున్నాయి.

డాక్టరమ్మ వెళ్ళిపోయాక చౌడక్క గోడవైపు తిరిగి మెల్లగా చెప్పింది. "మా బళ్ళో దొడ్డి లేకుండె పాపా. మొగపిల్లోళ్ళు గోడ దాటి పోతారు. మేము యాడికి పోవల్ల? పొద్దున బడికి పోయేటప్పుడు నీళ్ళు తాగితే మా అమ్మ గ్లాసు గుంజుకుంటాండె. 'మళ్ళా బళ్ళో ఎట్ల ఆపుకుంటావే' అని. పదో తరగతి దాకా అంతే. పెండ్లై వస్తే ఈ ఇంట్లోనూ అప్పుడు మరుగుదొడ్డి లేదు. చీకటి పడేదాకా ఆగల్ల. తాగకుంటే ఆగే పని లేదు కదా. అట్లే అయిపాయ. ఇప్పుడు దప్పికనేదే తెలీదు నాకు."

నేను ఇన్నాళ్ళూ దేన్ని చూసి కుళ్ళుకున్నానో అప్పుడు తెలిసింది. గిన్నెలు తుడిచేది, బేసిన్లో ఆకుకూర ముంచేది పొదుపు. అది ఆవిడ తెలివి. కానీ ఆ సగం గ్లాసు పొదుపు కాదు, ఒక ఆడపిల్ల భయం. యంత్రానికి రెండూ ఒకటే. చెయ్యి ఎక్కడ ఆగిందో దానికి తెలుసు, ఎందుకు ఆగిందో తెలియదు. ఆ భయాన్ని ఇప్పుడు ఊరందరి గొంతులకూ బిగించబోతున్నారు.

ఆరోజే మా ఆయనకు చెప్పాను. ఆయన వినలేదు.

"కుళాయి ఎవరినీ తాగొద్దనలేదు కదా?"

"సగం గ్లాసు ఇచ్చి ఆగిపోతుంది. మళ్ళీ పెడితే సాయంత్రందాకా రాదు. మీ వదిన చెయ్యి మళ్ళీ పట్టదు కాబట్టి!"

"వదినకు చాలినప్పుడు..."

"చాల్లేదండీ! ఆసుపత్రిలో పడుంది చూడండి, చాలిందా?"

"రాళ్ళు ఎవరికి రావు? ఎండాకాలం." కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ముద్ర పడేకి వారం లేదు. చైర్‌పర్సన్ వస్తాంది, పత్రికలవాళ్ళు వస్తాండారు. ఇప్పుడు వచ్చి కుళాయి ఆపమంటావు. ఎందుకో నాకు తెలీదా? నీకు మొదట్నుంచీ వదినంటే కుళ్ళు."

ఆ మాట నిజమే కదా. నిజమైన మాటను అడ్డం పెట్టి నా నిజాన్ని ఆపేశాడు. ఊళ్ళో ఇంకెవరికి చెప్పినా అదే అంటారు, హనుమక్కతో సహా. నా కుళ్ళు దాచుకోని పాపానికి నా నోటికి విలువ లేకుండాపోయింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. చౌడక్క తన నోటితో చెప్పాలి. ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చాక ఆవిడ మంచం పక్కన కూర్చుని అడిగాను. బతిమాలాను కూడా. మొదటిసారి ఆవిడ మొహంలో కోపం చూశాను.

"ఇన్నేండ్లకు నన్నొకరు మెచ్చుకున్నారు పాపా. నీకు చదువుంది, ఉద్యోగముంది, నరహరి ఉండాడు. మీ బావ లారీ దిగి ఇంటికొచ్చేదే పండక్కు. నాకుండేది ఈ పేరొక్కటే. దాన్నీ గుంజుకుంటావా?"

"నాకోసం కాదక్కా..."

"నీకోసం కాకుంటే ఎవరికోసం? నాకు తెలీదా నువ్వు నా వంటింట్లో ఎందుకు కూర్చున్నావో."

అంటే ఆవిడకూ నన్ను చూస్తే కుళ్ళే! ఇన్నాళ్ళూ నా ఒక్కదానికే ఉందనుకున్నాను. ఇంకొకప్పుడైతే పండగ చేసుకునేదాన్ని. ఆరోజు మాత్రం ఆవిడ మందుల చీటీ తీసి చదువుతూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే తన్మయి గ్లాసుతో వచ్చింది. వాళ్ళ పెద్దమ్మకు మందు వేసుకోవడానికి నీళ్ళు. సగం గ్లాసు.

"నువ్వు తాగినావామ్మా?" అంది చౌడక్క, కోపం తగ్గించుకుని.

"నేను తాగను పెద్దమ్మా. బడి తెరిచేలోపల అలవాటు చేసుకుంటాండా. నీమాదిరే!" అంది పాప. ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుని, పెద్ద బహుమానం గెలిచినట్టు నవ్వింది. "నిన్న మా వీధిలో ఆటకు పోయినోళ్ళలో అందరికన్నా తక్కువ తాగింది నేనే."

చౌడక్క ఆ గ్లాసు పాప నోటికి పెట్టింది. తాగేదాకా వదల్లేదు. తర్వాత ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది. ఇంకోసారి అడగడానికి మొహం లేదు.

ముద్ర వేసే రోజు మునిసిపాలిటీ హాలు కిక్కిరిసింది. వేదికమీద బల్ల, బల్లకు బిగించిన కుళాయి, పక్కన కొత్త స్టీలు గ్లాసు. చౌడక్క నేతచీర కట్టుకుని, నడుము పట్టుకుంటూ మెట్లెక్కింది. మా ఆయన చెయ్యి అందించాడు. నేను మూడో వరసలో అత్త పక్కన కూర్చున్నాను. మా ఆయన మైకు పట్టుకుని, ఈ చెయ్యి ఇకనుంచి తాడిగుట్టలో ప్రతి ఇంటినీ కాపాడుతుందన్నాడు. చౌడక్క గ్లాసు పెట్టింది. సగం నిండి ఆగింది. చప్పట్లు.

ఆ తర్వాత ముద్ర మీట నొక్కాలి. ఆవిడ నొక్కలేదు. గ్లాసెత్తి తాగేసింది. తాగి, మళ్ళీ కుళాయి కింద పెట్టింది.

చుక్క రాలేదు.

"నరహరీ, రాలేదే?" అంది. మైకులో హాలంతా వినపడింది.

"తర్వాత తాగుదువులే వదినా, ముందు ఇది నొక్కు..."

"నాకు ఇప్పుడు దప్పికైతాంది. నా చెయ్యే కదప్పా ఇది? నాకే ఇయ్యదా?"

కొంతమంది నవ్వారు. ఆవిడ గ్లాసు తియ్యలేదు. కుళాయి కింద ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది, నవ్వులు ఆగిపోయేదాకా.

"గిన్నెలు తుడిచి కడిగేది నేను నేర్చుకున్నా. బియ్యం నీళ్ళు చెట్టుకు పోసేది నేర్చుకున్నా. అవి నావే, అందరూ పెట్టుకోండి, నాకు సంతోషం. నీళ్ళు తాగకుండా ఉండేది మాత్రం నేను నేర్చుకోలా. నాకు నేర్పించినారు. బళ్ళో దొడ్డి లేక నేర్పించినారు." ఒక చెయ్యి నడుముకు అదిమిపెట్టింది. "నా కడుపులో రాళ్ళుండాయి. అవి కూడా ఈ కుళాయిలోకి పోయినాయి. మా ఇంట్లో చిన్నపిల్ల దప్పికను ఓర్చుకునేది ఆట అనుకుంటాంది. ఆ పాపం నాకొద్దు. ఈ చెయ్యి తీసెయ్యండి."

వెనక వరసల్లోంచి హనుమక్క లేచి "నాకూ మంటే! సిగ్గై ఎవరికీ చెప్పలేదు" అని అరిచింది. ఆ పక్కన ఇంకొకావిడ లేచింది. తర్వాత ఎవరెవరు లేచారో లెక్క తెలియలేదు. చైర్‌పర్సన్ మా ఆయనవైపు తిరిగింది. ఆయన మొహం పాలిపోయింది. జేబులోంచి తాళం తీసి దాని వెనక మూత తెరిచాడు. ఆవిడ చెయ్యి దాచిన లోపలి బిళ్ళ పీకి పక్కన పెట్టాడు. కుళాయి మామూలు కుళాయి అయింది. చౌడక్క గ్లాసు అంచుదాకా నింపి ఆయనే అందించాడు. ఆవిడ ఆగి ఆగి తాగింది, అలవాటు లేని పనిలాగా. మొత్తం తాగింది.

హాలంతా లేచి నిలబడింది. అంతకుముందు కొట్టినవి చప్పట్లే కావు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ మైకులో "ఈ మాట చెప్పేకి మా వదిన ఒక్కతికే ధైర్యముండె" అన్నాడు.

ఒక్కతికేనట! వారం క్రితం గొంతు చించుకుని అదే మాట నేను చెప్పలేదా? నిజం నాది. నమ్మింది ఆవిడను. మా అత్త మోచేత్తో నన్ను పొడిచి "చూస్తివా? పెద్దకోడలంటే అదీ!" అంది.

అరికాలినుంచి నడినెత్తిదాకా ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మంటతోనే లేచి నిలబడి, హాల్లో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాను.